అద్దంలో పడిన అమ్మ

"మామ్మగారూ, ఈ ఫోటోలో ఉన్నది మీరే కదండీ? మీ ఫోటోకి మీరే దండ వేసుకుంటున్నారేంటి, బతికున్నవాళ్ళకి అలా వెయ్యకూడదంటారు కదా?"

అడిగేసినావా. నువ్వీ ఇంటికొచ్చి రెండేండ్లయిపోయె, ఇంకా అడగలేదే అనుకుంటా ఉండా. కార్తీకు అడగడు. నా మనవడే గానీ వాడు నాతో మాట్లాడేదంతా తమిళమే, 'పాట్టి, సాప్టియా', అవ్వా తిన్నావా అంటాడు, షోళింగనల్లూరులో ఆఫీసుకు పోతాడు, వస్తాడు, పడుకుంటాడు. వాడికి నువ్వు పెళ్ళానివై గోదావరి జిల్లా నుంచి వచ్చినాకనే ఈ ఇంట్లో మళ్ళా తెలుగులో ఎవురో నన్ను ప్రశ్నలడగతా ఉండారు. కూర్చో స్రవంతీ. అదేంది, ఫోను ఆడ పెట్టినావు? రికార్డు చేస్తావా? చేసుకోమ్మా. నా గొంతు బాగుండదు, తర్వాత నన్ననొద్దు.

దండ నాకు కాదు తల్లీ. బాగా చూడు. ఫోటో నిండా వేసినానా, లేదు గదా. ఈ కుడిపక్క మూలన చిన్న మేకు కొట్టి, ఆ మూలకు మాత్రం వేలాడదీసినా. కుంకుమ కూడా ఆ మూలకే. ముందర కుర్చీలో కూర్చోనుండేది నేను, సరే. తొమ్మిదేండ్లు నాకు. కాదు కాదు, పదో ఏడు నడస్తా ఉండింది. నా వెనక నిలువుటద్దం ఉండాది చూడు, నా పూలజడ కనబడేదానికి పెట్టింది. ఆ అద్దంలో జడ పక్కన, తెర అంచు పట్టుకోని ఒకామె నిలబడుండాది, నోరు తెరిచి నవ్వతా. ఆమె మా అమ్మ. ఈ పొద్దు ఆమె తద్దినం. ఈ లోకంలో మా అమ్మది ఉండే ఫోటో అదొక్కటే తల్లీ, ఇంకొకటి లేదు.

మొదటి సంవత్సరం మా తమ్ముడి పెళ్ళాం తెలీక దండను ఫోటోకంతా పరిచేసింది. పక్కింటి ముదలియారమ్మ వచ్చి చూసి గుండెలు బాదుకుంది. నేను వంటింట్లో పప్పు తాలింపు వేస్తా ఉండా, ఆడ నా ఫోటోకు దండ. మీ తాతయితే నవ్వినాడు, 'ఏమే, నాకు చెప్పకుండా యాడికి పోయినావు' అని. అప్పట్నించీ మూలకు మేకు.

ఎందుకు ఒకటే ఫోటో అంటే, మా అమ్మకు ఫోటో అంటే భయం. ఆమె పుట్టిల్లు ఈ పట్నం పక్కనుండే ఎన్నూరు. ఇప్పుడు నువ్వు చూసే ఎన్నూరు కాదు, ఆ పొగగొట్టాలు, లారీలు ఏమీ లేవు. ఆమె చెప్పేది, వాగులో పీతలు చేత్తో పట్టేవాళ్ళంట. ఆమెకొక అన్న. వాడికేదో ఉద్యోగానికి ఫోటో కావాలంటే పట్నం వచ్చి తీయించుకున్నాడు. నెల తిరక్కముందే జొరమొచ్చి పోయినాడు. ఇరవై ఏండ్లోడు. ఇంక ఆమెకు ఫోటో అంటే ఆయుస్సు తీసుకపోయే మిషను. అప్పట్లో చానామంది అట్లా అనుకునేవాళ్ళే, కానీ మా అమ్మ పట్టు వేరు. తన పెళ్ళిలో ఫోటో తీసేవాడొస్తే తెర వెనక పోయి కూర్చుందంట. మా నాయన ఒక్కడే నిలబడుండే పెళ్ళిఫోటో మా ఇంట్లో చానాకాలం ఉండింది, పక్కన ఎవురూ లేకుండా, పెళ్ళికొడుకు మాత్రం.

దాంట్లో వేడుక ఏందంటే, ఆమెకు సినిమా పిచ్చి. పట్నంలో, పురసవాక్కంలోనే గదా మేముండింది, నడిచే దూరంలో సినిమా కొట్టాయిలు, అదే, హాళ్ళుండె. సినిమా మారితే చాలు, మధ్యాన్నం ఆటకు పోవాల్సిందే. ఆడవాళ్ళకు వేరే పక్క బెంచీలు, నాలుగణాలో అయిదణాలో, ఇప్పుడు మీరు ఆ మొక్కజొన్న పేలాలకు పెట్టే దుడ్డుతో వీధి వీధంతా చూసొస్తుంది ఆ కాలంలో. మా నాయన ఎగతాళి చేసేవాడు: 'ఏమ్మే, ఆ తెరమీద ఉండేవాళ్ళందరికీ ఆయుస్సు తగ్గదా?' అని. ఆమె ఏమనేది తెలుసునా? 'వాళ్ళు రంగు పూసుకోనుండారు. ఆ మిషను తీసుకపోయేది రంగును. లోపలుండే మొగం భద్రంగా ఉంటుంది' అనేది.

ఇంకొకటి చెప్పాల. ఇది చెప్పకపోతే నీకు ఆ ఫోటో అర్థం కాదు. తల్లికన్ను చెడ్డకన్ను అంటారు, వినుండావా? మీ పక్కనా అంటారా? ఊరి దిష్టి కంటే కన్నతల్లి దిష్టి జాస్తి అని. మా అమ్మ దాన్ని నమ్మింది చూడు, అట్లా ఇంకెవురూ నమ్మలా. నేను అన్నం తినేటప్పుడు చూడదు. గిన్నె ముందర పెట్టేసి అవతలకు తిరిగి కూర్చుంటుంది. తలకు పోసి, జడేసి, కొత్తగౌను వేసి, బొట్టుపెట్టి, అన్నీ ఆమే చేస్తుంది, చేసి ముగించినాక 'సరే పో' అని మొగం తిప్పుకుంటుంది. ఒక్కసారి, ఒక్కసారన్నా 'బాగుండావే' అని నన్ను నిలబెట్టి చూడలా. నోరా, అది కత్తి. 'మొద్దుమొగమా', 'కోతిముండా', ఇవే నా పేర్లు. పక్కింటామె కూతుర్ని ఎత్తుకోని ముద్దులు పెడతా ఉంటే నేను గడప మీద కూర్చోని చూసేదాన్ని. నాకేం తెలుసు ఆ వయసులో. మా అమ్మకు నేనంటే ఇష్టం లేదు, నేను అందంగా లేను, దానికే చూడదు అనుకున్నా. నిజంగా అట్లే అనుకున్నా తల్లీ.

ఆ వేసవికి నాకు జుట్టు నడుం దాటింది. మల్లెలు కొల్లలుగా వచ్చే కాలం. మా అమ్మ ఉన్నట్టుండి, 'దీనికి పూలజడ వేసి ఫోటో తీయించాల' అనింది. మా నాయన నోరెళ్ళబెట్టినాడు. 'నీకు భయం గదా' అంటే, 'నాకు. దానికి కాదు. పిల్లల ఆయుస్సు గట్టిది, చుక్కంత పోయినా ఏం కాదు. వచ్చే సంవత్సరం తిరపతిలో తలనీలాలిచ్చేయాల, ఆ జుట్టు ఎట్లుండిందో ఎవురికి తెలుస్తుంది' అనింది. నాయమంటావా అన్యాయమంటావా ఆ మాట, నాకైతే ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

పూలజడ అంటే మీరిప్పుడు బ్యూటీపార్లర్లో రెడీమేడ్‌గా తెచ్చి పిన్నులు పెట్టేస్తారే, అది కాదు. పొద్దున్నే మొగ్గలు తెచ్చి, విచ్చకుండా తడిగుడ్డలో చుట్టి, అరటిపట్టను జడంత పొడుగు కోసి, దానిమీద సూదీదారంతో ఒక్కో మొగ్గా కుట్టాల. మధ్యలో కనకాంబరం, ఓరంతా మరువం. నెత్తిమీద సూర్యుడు, చంద్రుడు బిళ్ళలు, ఎదురింట్లో అడిగి తెచ్చింది. కుట్టతా కుట్టతా తిడతానే ఉండాది, 'కదలబాకే మొద్దూ' అని. నా మెడ లాగేస్తా ఉండింది ఆ బరువుకు. అంతా అయినాక నేను లేచి నిలబడినా. ఇప్పుడన్నా చూస్తుందని. ఆమె నేల మీద పడిన కాడలు ఊడ్చతా ఉండింది.

సైకిల్ రిక్షాలో పోయినాం, నేను, అమ్మ, నాయన. స్టూడియో ఆ మెయిన్ రోడ్లోనే, ఇప్పుడు నగల షాపు ఉండాదే మూడంతస్తులది, మొన్న నువ్వు గొలుసు మార్చుకున్నావే, ఆడనే. మెట్లెక్కి పోవాల. లోపల ఒక తోట బొమ్మ గీసిన తెర, దానికి ఎదురుగా నల్లటి తెర, ఈ నిలువుటద్దం. కెమెరా మూడు కాళ్ళమీద నిలబడుండాది, దానికొక నల్లగుడ్డ. స్టూడియో ఆయన సన్నంగా, కోపిష్టి. నన్ను కూర్చోబెట్టి, అద్దాన్ని వెనక అటూ ఇటూ తిప్పినాడు. దాంట్లో జడ పూర్తిగా తెలియాల, కెమెరా తెలియకూడదు, ఆయన తెలియకూడదు, అదంతా కష్టమైన పని. గుడ్డలో తలదూర్చి చూస్తాడు, బయటకొస్తాడు, అద్దాన్ని రవంత వంచతాడు, మళ్ళా దూరతాడు. మా అమ్మ ఎక్కడుండింది అంటావా? గది బయట, మెట్ల దగ్గర. ఆ మిషను కంటబడకూడదని.

ఆయనకు కుదిరింది. గుడ్డలోనుంచి బయటకొచ్చి, ఫోటో పలక దోపి, నొక్కితే ఫోటో పడే ఆ రబ్బరు బుడ్డి చేతిలో పట్టుకోని, 'పాపా, ఇటు చూడు, కదలబాకు' అన్నాడు. నాకా దీపాల వేడికి కండ్లు మంటలు. తల బరువు. ఏడుపు పొంగుకొచ్చింది. పెదవులు వణకతా ఉండాయి. మా నాయన 'ఏడవబాకమ్మా' అంటే ఇంకా జాస్తి అయింది. ఆ మాట బయట మెట్లమీద వినబడింది ఆమెకు.

వచ్చేసింది. కెమెరాకు ముందు రాలేదు, దాని వెనకాల, పక్కగా, ఆ నల్లతెర అంచు పట్టుకోని నిలబడింది. మిషను కన్ను నా పక్కకు గదా ఉండాది, తాను దాని వీపు పక్కనుండాది, ఇంక భయమేమి అనుకుంది. అద్దం సంగతి ఆమె తలుచుకోలా. ఆయనా తలుచుకోలా, ఆయన చూసినప్పుడు ఆ తెర దగ్గర ఎవురూ లేరు గదా. ఆడ నిలబడి నన్ను చూసింది. మొదటిసారి చూసింది, పూలజడతో, సూర్యచంద్రులతో. నేను ఏడుపు మరిచిపోయినా. ఎందుకు మరిచిపోయినానో నాకే తెలీదు. ఆయన బుడ్డి నొక్కినాడు.

వారానికి మా నాయన కవరు తెచ్చినాడు. అమ్మ నీళ్ళకు పోయింది కొళాయికి. ఇద్దరం తీసి చూసినాం. మా నాయన మొగం పాలిపోయింది. 'అయ్యో, ఈమె పడిందే దీంట్లో' అన్నాడు. ఎన్నూరు మామ కథ పుట్టినప్పట్నించీ వింటుండా గదా. నెల తిరక్కముందే. మా నాయన నమ్మేవాడు కాదు గానీ, ఆయన భయం వేరు. 'ఇది చూసిందంటే మిషను చంపకపోయినా బెంగతోనే మంచం పడతాది. చెప్పబాక' అని పెట్టెలో అడుగున బట్టల కింద తోసేసినాడు. ఆమెతో, ఫోటో చెడిపోయింది, వెలుతురు చాలలేదంట అని చెప్పేసినాడు.

ఆమె ఊరుకుంటుందా. ఆ స్టూడియో ఆయన వంశాన్నంతా తిట్టింది. నేనా, ఆమె దగ్గితే చెంబుతో నీళ్ళెత్తుకోని పోయేదాన్ని. పొద్దున లేచి ముందు ఆమె లేచిందా అని చూసేదాన్ని. కొళాయి దగ్గర ఆలస్యమైతే పరిగెత్తేదాన్ని. నన్ను చూడని అమ్మే, కోతిముండా అనే అమ్మే, అయినా ఆమె పోతే నేనేమైపోతానని. ఎవురితో చెప్పుకోను. మా నాయనను అడిగితే 'ఏం కాదు పో' అంటాడు, ఆయన మొగం చూస్తే ఏదో అయ్యేట్టే ఉంటుంది.

ఒక మధ్యాన్నం సినిమాకు పోయి వస్తా ఉండాం, ఆమే నేనే. మంచి ఏడుపు సినిమా, ఆమె కొంగంతా తడి. మెయిన్ రోడ్డు మీద బట్టల కొట్లు చూసుకుంటా వస్తుండాం. స్టూడియో కింద, వీధిపక్కగా అద్దాల పెట్టె ఉండె, బాగొచ్చిన ఫోటోలు పెద్దవి చేసి పెట్టేది. నేను ముందే చూసినా. నడిమధ్యన నేను. ఇంత పెద్దది. ఆయనకు పాపం మా నాయన చెప్పిన అబద్ధం తెలీదు గదా, తన చేతిపని బాగుందని పెట్టుకున్నాడు. నేను ఆమె చెయ్యి పట్టుకోని అవతలి పక్కకు లాగతా ఉండా, 'అమ్మా, అటు పోదాం, దాహం' అని. 'ఇరువే, ఆగు' అని నిలబడిపోయింది.

నన్ను చూసింది. చెడిపోయిందన్న ఫోటో. ముందు మా నాయనమీద కోపమొచ్చింది. తర్వాత మొగం ఆ గాజుకు ఆనించి, 'ఎవురే ఆమె?' అనింది. 'నీ వెనక, అద్దంలో, పండ్లు బయటేసి నవ్వతా ఉండేది ఎవురే? మీ నాయన ఎవుర్ని తెచ్చినాడు ఆడికి?' తర్వాత ఆమే, 'నా గళ్ళచీర కట్టుకోనుండాదే' అనింది.

అట్లా నిలబడిపోయింది తల్లీ. జనం పోతా ఉండారు, రిక్షాలు పోతా ఉండాయి, ఆమెకేం తెలీలా. ఆమె తన మొగాన్ని యాడ చూసుండాది? బొట్టు పెట్టుకునేటప్పుడు అరచెయ్యంత అద్దంలో నుదురు, అంతే. నవ్వతా ఉండే తన మొగాన్ని ఎప్పుడు చూసుండాది? ఎవురు చూసుండారు చెప్పు. ఆ నవ్వు చూడు నువ్వు, ఆ కండ్లు చూడు. ఆడ ఉండేది ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో ఏండ్ల పిల్ల. లోకంలో ఇంకేమీ లేనట్టు చూస్తా ఉండాది ఆ కుర్చీలో ఉండేదాన్ని. మా అమ్మ గాజు మీదనుంచి మొగం తీసి నన్ను చూసి, మెల్లిగా, చానా మెల్లిగా అడిగింది.

'ఏమే, నేను నిన్ను ఇట్లనా చూస్తాను?'

ఆ గొంతు ఆమెది కాదు. తిట్టే గొంతు కాదు. నేను ఏడ్చేసినా. 'నువ్వు చచ్చిపోతావా అమ్మా?' అని అడిగేసినా నడివీధిలో. ఆమె మళ్ళా ఆ ఫోటోకు తిరిగి, 'నేనెప్పుడో పోతాలే. ఆమె యాడికి పోతుందే. చూడు, ఎట్లా నిలబడుండాదో' అనింది. అనేసి, కొంగుతో నా ముక్కు తుడిచి, చరచరా ఇంటికి లాక్కొచ్చింది.

వచ్చినాక భయం మొదలైంది ఆమెకు. తన ఆయుస్సు గురించి అనుకుంటావేమో. కాదు. 'అంత చూపు చూసేసినానే పిల్లను, దిష్టి తగిలుంటుందే' అని. ఉప్పు, ఎండుమిరపకాయలు ఎత్తుకోని నాకు తిప్పి పొయ్యిలో వేసింది. చాలలా. మరుసటి దినం మళ్ళా గుప్పెడు ఉప్పు, మిరపకాయలు కొంగులో కట్టుకోని ఆ మెయిన్ రోడ్డుకు పోయి, పట్టపగలు, అంతమంది జనంలో, ఆ అద్దాల పెట్టెకు దిష్టి తీసింది. మా నాయన సిగ్గుతో అవతలి పక్క నిలబడినాడు. స్టూడియో ఆయన తిట్టేదానికి మెట్లు దిగొచ్చి, ఆమెను చూసినాడు, అద్దంలో ఉండేదాన్ని చూసినాడు, ఇద్దరూ ఒకరే అని తెలుసుకోని చేతులు కట్టుకోని నిలబడిపోయినాడు. ఆయనకప్పుడు తెలిసిందంట, ఆమె ఎప్పుడు దూరిందో. తప్పయిపోయిందమ్మా, వేరేది తీసిస్తా, ఆ మూల చెరిపేస్తా అన్నాడు. 'చెయ్యి పెట్టినావంటే చూడు' అనింది మా అమ్మ.

ఆమె పోయింది నా ఇద్దరు పిల్లలూ పెద్దయినాక. ఆమెకు అరవై దాటినాక. నెలకే పోతుందని మేమనుకున్న మనిషి. పెండ్లిండ్లలో ఎవురన్నా ఫోటోకు నిలబడమంటే, 'నాదొకటి బాగా వచ్చిందుండాది, చాలు' అని పక్కకు పోయేది. పోనీ మారిందా అంటే ఏం మారలా. నోరు అదే. నేను కొత్తగౌను వేసుకుంటే మొగం తిప్పుకునేది అదే. అయితే ఏందంటే, నాకు ఏడుపు రావడం నిలిచిపోయింది. ఆ తిప్పుకున్న మొగం అవతలి పక్కన ఏముండాదో నాకు తెలుసు గదా. ఆ వయసులో అట్లాంటిది తెలియడం అంటే, ఏం చెప్పను తల్లీ, ఎవురేమన్నా ఇంక నన్నేమీ చేయలేకపోయినారు.

నాకిప్పటికీ ఆశ్చర్యమే. డెబ్బై నాలుగేండ్లు నాకు. పొద్దున దీపం పెట్టేటప్పుడు చూస్తానా, ఒళ్ళు జలదరిస్తుంది. మీరు ఆదివారమాదివారం నాగలాపురం కొండలెక్కతారు, వాగులు, సూర్యోదయం, అన్నీ ఫోన్లో తెస్తారు, నేనూ చూస్తా, ఎంత బాగుంటాయి. మీ ఫోటోలు కూడా బాగుంటాయి, కాదనడం లేదు. కానీ ఫోటో తీస్తారని తెలిసినాక మొగం ఇంకొకటి అవుతుంది. మనకు తెలీకుండా మనం ఒకర్ని చూసే చూపుండాది చూడు, అది మనకు ఎప్పుడూ దొరకదు. నేనూ చేసి చూసినా, నవ్వబాక. మీ మామగారు పసిబిడ్డగా ఉన్నప్పుడు, వాణ్ణి ఒళ్ళో పెట్టుకోని ఎదురుగా అద్దం పెట్టుకున్నా, నేనెట్లా చూస్తానో చూద్దామని. అద్దంలోకి కండ్లు తిప్పిన చణం ఆ చూపు పోతుంది. నా మొగం మాత్రం మిగుల్తుంది, ఎవురో వెతుక్కుంటుండే మొగం. మా అమ్మకొక్కదానికి దొరికింది అది. ఒక తిక్క అద్దం, ఒక కోపిష్టి మనిషి, నా ఏడుపు, అన్నీ కూడొచ్చి దొరికింది. నాకు దొరకలా. పోనీ, నాకు ఆమెది దొరికింది.

నీకు దొరకాల స్రవంతీ. ఏదో ఒక దినం, నువ్వెట్లా చూస్తావో నీకే కనబడాల. నిండునూరేండ్లు చల్లగుండు, నీ కడుపు చల్లగుండ... ఏంది. ఎందుకట్లా చూస్తా ఉండావు నన్ను, ఆ అద్దంలో ఆమె మాదిరి? కండ్లలో ఆ నీళ్ళేంది? పో తల్లీ, పో, పాలు పొయ్యిమీద ఉండాయి, పొంగిపోతాయి...